మూఢంలో మారిన ఉద్యోగం

కూర్మనాథం పంచాంగం విప్పనిదే ఆ ఇంట్లో పిల్లి కూడా గుమ్మం దాటదు. జీడితోటలో మందు కొట్టాలన్నా, కొత్త చెప్పులు తొడగాలన్నా ఆయన సెలవు కావాలి. అలాంటి మనిషి దగ్గరికొచ్చి కోడలు భార్గవి, ఈ శుక్రవారంతో పలాసలో జీడిపప్పు కంపెనీ మానేసి, సోమవారం టెక్కలిలో గ్రానైట్ కంపెనీలో చేరతానంటే ఊరుకుంటాడా? మూఢం నడుస్తోంది, మూడు వారాలు ఆగమన్నాడు.

మావగారితో గొడవెందుకని భార్గవి కొత్త కంపెనీని బతిమాలుకుంది. వాళ్లు సరేనన్నారు. పాత కంపెనీలో ఆమె చోటుకి అప్పటికే వేరే మనిషిని తీసుకోవడంతో శుక్రవారం మానడం మాత్రం తప్పదు. ఆమె భర్త ఆనంద్ కొబ్బరికాయల లోడుతో ఊళ్లు తిరిగే మనిషి. ఆ మూడు వారాలూ భార్య ఇంట్లోనే ఉంటుందని, వేళకి వేడి కూర దొరుకుతుందని లోపల్లోపల సంబరపడ్డాడు.

ఆ సంబరం మీద నీళ్లు చల్లింది పాత ఆఫీసులో ఉద్యోగుల వ్యవహారాలు చూసే సుప్రజ. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా మానేసిన రోజు రాత్రితో ఆగిపోతుందని, అందులో చేర్చిన అత్తమామలకీ అంతేనని చెప్పింది. టెక్కలి కంపెనీ బీమా అత్తమామలకీ, పాత జబ్బులకీ వర్తిస్తుంది గానీ, అక్కడ చేరిన రోజునుంచే మొదలవుతుంది. మరి మధ్యలో? మధ్యలో ఏమీ లేదు. విడిగా కొత్త పాలసీ కొంటే పాత జబ్బుల ఖర్చు ఇవ్వడానికి ఏళ్లు ఆగమంటారట.

భార్గవి బెంగంతా మావగారి గురించే. కూర్మనాథం కిడ్నీలో రాయి ఉంది. తీయించేయమని శ్రీకాకుళం డాక్టరు చెప్పి నెలలైనా, ఆయన ప్రతిసారీ ఏదో ఒక తిథి అడ్డం పెట్టి తప్పించుకుంటున్నాడు. పోనీ శుక్రవారంలోగా చేయించేద్దామని ఆసుపత్రికి ఫోన్ చేస్తే, ఈ వారం ఖాళీ లేదన్నారు. ఈలోగా నొప్పి లేస్తే? ఊరూరా కిడ్నీ రోగులున్న ఉద్దానంలో ఆ మాటంటే నవ్వులాట కాదు.

ఆ సాయంత్రం అరుగు మీద కొబ్బరికాయలు ఒలుస్తున్న మావగారికి జరిగిందంతా చెప్పింది. మూడు వారాల్లో ఏం ముంచుకొస్తుందని ఆయన తేలిగ్గా తీసేశాడు.

"ఆ రాయి మన పంచాంగం సూసి కదుల్తాదా మావయ్యా?" అంది భార్గవి.

ఆయన చెయ్యి ఆగిపోయింది. గుమ్మంలో నిలబడి వింటున్న అత్తగారు బొడ్డమ్మ మొగుడి గుట్టు బయటపెట్టింది. తిథీ లేదు, వారమూ లేదు. అన్న గున్నయ్య కిడ్నీ జబ్బుతో ఆసుపత్రిలో పోయిన దగ్గర్నుంచీ ఈయనకి ఆసుపత్రి మెట్లంటే దడ. కూర్మనాథం తల దించుకుని మళ్లీ కాయ ఒలవడంలో పడ్డాడు. ఇంకో మాట అంటించాలనుకున్న భార్గవి, ఆయన పక్కన కూర్చుని ఒలిచిన కాయలు బుట్టలోకి ఎత్తింది. ఇన్నాళ్లూ మొండితనం అనుకున్నది ఇదా అని ఆమెకి జాలేసింది.

మర్నాడు పొద్దున్నే ఆయన పంచాంగం ముందేసుకుని, కళ్లజోడు తుడిచి తుడిచి తీర్పు చెప్పాడు. మూఢం పెళ్లిళ్లకీ గృహప్రవేశాలకీ గానీ, ఒకరి కింద కొలువుకి కాదట. ఆ సంగతి ఏ పేజీలో ఉందని బొడ్డమ్మ అడిగింది గానీ, ఆయనకి వినబడలేదు. భార్గవి సిగ్గు విడిచి మళ్లీ టెక్కలికి ఫోన్ చేసింది. అయితే సోమవారమే రమ్మన్నారు.

అయినా బీమా లేని శని, ఆదివారాలు మిగిలాయి. మూడు వారాలకి బెదరని పెద్దమనిషి రెండు రోజులకి హడలిపోయాడు. సైకిలెక్కలేదు, తోటకి పోలేదు, గంటగంటకీ చెంబుడు నీళ్లు తాగాడు. తుమ్మొచ్చినా నడుం పట్టుకుని కోడలి వంక చూశాడు. ఆనంద్ నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పోయాడు.

సోమవారం భార్గవి బస్సుకి బయల్దేరే వేళ సరిగ్గా రాహుకాలం. ఆ సంగతి ఆ ఇంట్లో చెంబులకీ తపేలాలకీ కూడా తెలుసు. కూర్మనాథం మాత్రం నోరెత్తలేదు. అందరికన్నా ముందు స్నానం చేసి, తెల్ల పంచె కట్టుకుని, శకునం బాగుండాలని వీధిలోంచి ఆమెకి తనే ఎదురొచ్చాడు. దగ్గరికొచ్చాక ఆగి, గొంతు తగ్గించాడు.

"తల్లీ, నాకు బయమేత్తంది. ఆపరేసనుకి మంచిరోజు నువ్వే సూడు. నాను సూత్తే ఏ రోజూ కుదర్దు."