కాళ్లు చాపేంత జాగ

పొద్దున తొమ్మిదింటికల్లా అత్తాకోడళ్లిద్దరూ సూరత్ శివారు భేస్తాన్ నుంచి షేర్ ఆటోలో బట్టల మార్కెట్‌కు చేరుకుంటారు. మూడో అంతస్తులో సేఠ్ ఆఫీసు. అక్కడ ఏడుగురు ఆడవాళ్లు చీరలు విప్పి, వెలుతురుకు పట్టి, పోగు తెగినచోట సుద్దతో గీత పెట్టి, మళ్లీ మడతేస్తారు. కోడలు నవతతో సహా ఆరుగురికి కుర్చీలున్నాయి. అత్త ఐలమ్మకు కుర్చీ అక్కర్లేదు. ఆమె నేల మీద కూర్చోగానే అక్కడ మోకాళ్ల లోతు గుంట పడి, కాళ్లు హాయిగా అందులోకి దిగుతాయి. లేస్తే టైల్స్ కలిసిపోతాయి.

పుట్టినప్పటి నుంచీ అంతే. కాళ్లు గుంటలో పెట్టి నేసే మగ్గం మీద కూర్చునే, ఆమె తల్లి ఆమెను కన్నది. సూరత్‌కు వచ్చాక కింది అంతస్తు లేసుల వ్యాపారి, కప్పులోంచి దిగే ఆమె కాళ్లకు తగలకుండా తన ఫ్యాన్‌ను రెండడుగులు పక్కకు జరిపించుకున్నాడు. దీపావళికి పైదాకా రాకుండా, కిందినుంచే ఆమె పాదాలకు దండం పెట్టుకుంటాడు. అంతకు మించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఈమధ్య సేఠ్‌కు ఆఫీసు చాలడం లేదన్న బెంగ పట్టుకుంది. ప్రణయ్‌ను పిలిపించాడు. తాతల కాలంలో కరీంనగర్ నుంచి వచ్చిన కుటుంబం, సూరత్‌లోనే ఇంటీరియర్ డిజైన్ చదివిన కుర్రాడు. వాడు టేపు పట్టుకొచ్చి గోడలు కొలిచాడు, బల్లలు కొలిచాడు, మనిషికీ మనిషికీ మధ్య సందు కొలిచాడు. ఎవరి నడుము ఎంత నొప్పి పెడుతుందో మాత్రం కొలవలేదు.

"కుర్చీ ఏస్తే వెనక్కి జరగనీకే మూడు ఫీట్లు వేస్ట్," అన్నాడు. "కుర్చీలు తీసేసి నడుమెత్తు బల్లలు పెడ్తం. ఏడుగురి జాగల పన్నెండుమంది నిలబడి పని చేసుకోవచ్చు. మస్త్ ఉంటది!"

నవతకు ఆరో నెల. ఇంతకుముందు సూరత్ దగ్గరి కిమ్ ఊళ్లో నిలబడి చేసే పనిలో ఉన్నప్పుడు, నాలుగో నెలలోనే కడుపు పోయింది. ఈసారి ఎక్కువసేపు నిలబడితే తన పూచీ లేదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

"నిలబడలేనోళ్లు ఎట్ల తమ్మీ?" అని అడిగింది నవత.

"సోమవారం నుంచి రావొద్దన్నడు సేఠ్. నేనేం జేస్త అక్కా, నా చేతుల లేదు." ప్రణయ్ తల దించుకుని, అంతలోనే హుషారుగా ఐలమ్మ వైపు తిరిగాడు. "పెద్దమ్మకేం ఫికర్ లేదు. ఆమెకు ఒకటిన్నర ఫీటు చాలు. బల్ల కిందనే కూసోని చేసుకోవచ్చు. గింత తక్కువ జాగల ఇమిడే మనిషిని నేను సూడనే లేదు!"

ఐలమ్మకు ఒళ్లు మండింది. "ఏంది కొడుకా, నన్ను బల్ల కింద నూకి, నా కోడల్ని బయటికి ఎల్లగొడ్తవా? పైకెల్లి మెచ్చుకునుడొకటా?"

సోమవారానికి బల్లలు బిగించారు. కుర్చీలు పోయాయి. మానేస్తే ఇల్లు గడవదని నవత వచ్చి నిలబడింది. గంట గడిచేసరికి పాదాలు పొంగాయి, చెయ్యి నడుము మీదికి పోయింది, మొహం పాలిపోయింది.

ఐలమ్మ బల్ల కింది గుంటలోంచి లేచింది. టైల్స్ దగ్గరికి జరుగుతుంటే వంగి వాటి మీద అరచెయ్యి పెట్టింది.

"ఆగు. అర్వై ఏండ్లు నన్ను సాకినవ్, సాలు. ఇగ నా కోడల్ని సూస్కో. నాకొద్దు."

టైల్స్ ఆగిపోయాయి.

"అత్తమ్మా, మరి నువ్వు?"

"ముందుగాల నువ్వు కూసో బిడ్డా."

నవత కూర్చుంది. నేల ఆమె కాళ్లను మెల్లగా దింపుకుంది. పొద్దుటి నుంచి బిగబట్టిన ఊపిరి వదిలి, ఏడ్చేసింది.

ప్రణయ్ మొహం వెలిగింది. "బేఫికర్! అక్కకు గూడ ఒకటిన్నర ఫీటే. పెద్దమ్మా, నువ్వు జర అటు నిలబడు."

"నేను నిలబడ."

ఐలమ్మ రెండు బల్లల మధ్య నడవలో చతికిలబడింది. నేల గట్టిగా ఉంది, అంగుళం దిగలేదు. బతుకంతా గుంటలో వేలాడిన మోకాళ్లు బాసింపట్టు వేయడానికి మడత పడలేదు. రెండు కాళ్లూ బారుగా చాపింది. మడమలు ఎదుటి బల్లకు తగిలాయి.

"ఇప్పుడు కొలువ్!"

ప్రణయ్ అలవాటు కొద్దీ టేపు లాగాడు. "నాలుగు ఫీట్లు. పెద్దమ్మా, దారి బందయితది."

"కానియ్."

పక్కనున్న భాగ్యలక్ష్మి చేతిలో చీర బల్ల మీద పడేసి, వచ్చి కూర్చుని కాళ్లు చాపింది. ఆమె పక్కన ఇంకొకామె. చూస్తుండగానే ఆరు జతల కాళ్లతో నడవ నిండిపోయింది. అలికిడికి సేఠ్ తన గదిలోంచి వచ్చి, అడుగు పెట్టే సందు లేక గుమ్మంలోనే నిలబడిపోయాడు. బయట పెళ్లిళ్ల సరుకు కోసం టెంపో హారన్ కొడుతోంది.

"లేవండి మాసీ, పని ఆగిపోయింది!"

"కుర్చీలు రానీ సేఠ్, లేస్తం."

మధ్యాహ్నం దాకా ఎవరూ కదల్లేదు. టెంపో ఖాళీగా వెళ్లిపోయింది. కుర్చీలు బుధవారం తెప్పిస్తానని, ఎవరినీ మాన్పించనని సేఠ్ అందరి ముందూ ఒప్పుకున్నాడు. ప్రణయ్ ప్లాన్ కాగితం చుట్టేసుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి ఐలమ్మ మోకాళ్లు బిగుసుకుపోయాయి. నవత నూనె వెచ్చజేసి రాస్తూ, "నీ గుంట నాకిచ్చి గింత నొప్పి తెచ్చుకుంటివి అత్తమ్మా," అంది.

"మాటలు ఆపి రాయి బిడ్డా. బుధారం దాకా కుర్చీలు రావు. రేపు గూడ సాపాలె."