మా షాపు ముందు రెండు గుంజలు

మా వీధిలో సైకిళ్లకు వేరే దారి వేసిన రోజు షాపులవాళ్లంతా ఎవరో పోయినట్టు ముఖాలు పెట్టుకుని గుమ్మాల్లో నిలబడ్డారు. అందరికంటే ముందు మా ఆయన. మాది పరుపుల షాపు. ముందు గదిలో ఆయన పరుపులు అమ్ముతాడు, వెనక గదిలో నేను మిషన్ మీద కర్టెన్లు కుడతాను.

"పరుపు కొన్నవాడు దాన్ని సైకిల్ మీద పెట్టుకుపోతాడా? కారు ఆగడానికి చోటు లేకపోతే ఇక తాళం వేసుకోవడమే," అని కనబడినవాడికల్లా చెప్పాడు.

ఆకుపచ్చ రంగు పూసిన దారి, దాని అంచున కార్లు జొరబడకుండా నారింజ రంగు రబ్బరు గుంజలు. అంతే. దాంతోనే మా అమ్మాయి బతుకు మారిపోయింది. ఆసుపత్రిలో రక్తపరీక్షల ల్యాబులో దాని ఉద్యోగం. అంతకుముందు రెండు బస్సులు మారి వెళ్లేది, పిండేసిన గుడ్డలా ఇంటికొచ్చేది, పలకరిస్తే కరిచేది. సైకిల్ ఎక్కాక ముఖంలో కళ వచ్చింది. నడుం నొప్పి ఊసే లేదు. మాతో కూర్చుని తినే వేళకు ఇల్లు చేరేది, గిన్నెలు కడుగుతూ పాటలు పాడేది. పాట బాగుండేది కాదు, అది వేరే సంగతి.

షాపు కూడా మునిగిపోలేదు. మెల్లగా పోయేవాళ్లే కదా అద్దంలోంచి లోపలికి చూసేది! సైకిల్ ఆపి దిండు గలీబులు, దుప్పట్లు కొనుక్కెళ్లేవాళ్లు పెరిగారు. అదేదీ మా ఆయన కంటికి ఆనలేదు.

పక్క షాపు తాళాలాయన ఒక కిటుకు కనిపెట్టాడు. గుంజ అడుగున ఉన్న మరలో కాస్త నూనె పోసి, నొక్కి తిప్పితే ఊడి చేతికొస్తుంది. ఇక పొద్దున షట్టరు ఎత్తగానే మా ఆయన ముందున్న రెండు గుంజలూ పీకి పరుపుల వెనక దాచేవాడు. కార్పొరేషన్ జీపు వీధి మొదట్లో కనబడితే మందుల షాపాయన ఈల వేసేవాడు. జీపు మా దాకా వచ్చేసరికి గుంజలు బుద్ధిగా నిలబడి ఉండేవి. "మన స్పీడు చూశావా?" అని మా ఆయన మురిసిపోయేవాడు.

"మన పిల్ల వచ్చే దారేనండీ అది," అన్నాను.

"దానికి చెప్పాన్లే. మన షాపు ముందు కారుంటే కొంచెం బయటికొచ్చి, దాటాక మళ్లీ లోపలికి పొమ్మన్నాను. అదేం చిన్నపిల్లా?"

అమ్మాయీ పోట్లాడింది. "ఊరంతా హాయిగా వస్తాను నాన్నా. సొంత షాపు ముందుకొచ్చేసరికే ప్రాణం అరచేతిలో పెట్టుకోవాలి."

"చూసుకుని రా తల్లీ," అని నవ్వేశాడు. ఆయనకు కూతురంటే ప్రేమ లేదని కాదు. ప్రేమ ఉండి కూడా ఆ పని చేశాడనే నాకు ఇంకా మండుతోంది.

ఒక సాయంత్రం ఎవరో పెద్ద పరుపు కొన్నారు. వాళ్ల కారు మా ముందు సైకిల్ దారిలో ఆగింది. పరుపును కారు నెత్తికెక్కించి, కట్టడానికి తాడు కోసం మా ఆయన లోపలికొచ్చాడు. అప్పుడే బయట బ్రేకులు కీచుమన్నాయి. వెంటనే ఏదో నలిగిన చప్పుడు.

"వ్యాన్ కింద సైకిల్!" అని ఎవరో అరిచారు.

కుడుతున్న గుడ్డ కాళ్లకు చుట్టుకుంటున్నా ఆగకుండా పరుగెత్తాను. కారు పక్కన నడిరోడ్డు మీద పసుపు హెల్మెట్. నేనే కొనిచ్చాను దాన్ని. వ్యాన్ చక్రం కింద కాలు. అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "కారుందమ్మా... అందుకే బయటికొచ్చాను," అంది.

ఆయన కోసం తలెత్తి చూశాను. అప్పటికే పరుపుకు తాడైనా కట్టకుండా ఆ కారును పంపించేశాడు. మాకు వీపు పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని గుంజలు బిగిస్తున్నాడు. పడిందెవరో ఇంకా చూడనే లేదు. ప్రమాదమైతే పోలీసులొస్తారు, పోలీసులొస్తే గుంజలుండాలి. ఆయన బుర్ర అంతవరకే పనిచేసింది. ఒక గుంజ అయిపోయింది, రెండోది తిప్పుతున్నాడు.

"పడిందెవరో చూడవయ్యా!" అని అరిచాను. పెళ్లయ్యాక ఆయన్ని ఏకవచనంలో పిలిచింది అదే మొదలు. వెనక్కి తిరిగాడు. ఆ ముఖం చూస్తే ఎవరికైనా జాలి కలిగేది. నాకు కలగలేదు.

అమ్మాయి బతికింది. కాలు మాత్రం ఇక ఎప్పటికీ కుంటేనని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

పోలీసులు తీసిన ఫొటోల్లో గుంజలు ఠీవిగా నిలబడి ఉన్నాయి. కారు లేదు. రక్షణ ఉన్న దారి వదిలి తనంతట తనే వ్యాన్‌కు అడ్డం వచ్చిందని రాసుకున్నారు. "వెళ్లి నిజం చెప్పు. దాని మీద పడ్డ నింద పోతుంది, ఈ దారికి గట్టి గోడైనా కడతారు," అని కాళ్లావేళ్లా పడ్డాను.

"కిటుకు చెప్పినవాడు, ఈల వేసినవాడు లేరా? చెబితే వీధంతా ఇరుక్కుంటుంది. అయినా అది ఎలాగూ మళ్లీ సైకిల్ ఎక్కలేదుగా," అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఏం లాభం?

కార్పొరేషన్‌వాళ్లు విచారణకు వీధిలో అందరినీ పిలిచారు. అమ్మాయి ఊతకర్రలు పక్కన పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. గుంజలు లేవని, కారుందని అది చెప్పింది. నేనూ లేచి అదే చెప్పాను. ఆఫీసరు ఫొటో నా ముందుకు తోసి, మా ఆయన వైపు తిరిగాడు. "ఏమండీ, ఆ రోజు ఇవి ఉన్నాయా లేవా?"

ఆయన కూతురి వైపు చూడలేదు. "ఉన్నాయండి. ఫొటోలో ఉన్నాయిగా."

తాళాలాయన, మందుల షాపాయన తలలూపారు. "తల్లి కదండీ, ఆ బాధలో ఏదో అంటోంది," అని నన్ను ఓదార్చినట్టు మాట్లాడారు కూడా. ఇన్ని గుంజలున్నా ప్రమాదం ఆగనప్పుడు ఈ దారి దండగని ఆఫీసరు తేల్చేశాడు. ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో ముగ్గురం పక్కపక్కనే కూర్చున్నాం.

దారి ఎత్తేయడానికి కూలీలు వచ్చిన రోజు ఎండ మండిపోతోంది. వీధి మొదట్లోంచి ఒక్కో గుంజా తవ్వుకుంటూ వస్తున్నారు. మరలు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. ఇద్దరు గడ్డపార వేసి వేలాడితేగానీ ఒక్కటి కదలడం లేదు. వీధివాళ్లంతా సంబరంగా చూస్తున్నారు.

మా షాపు ముందుకొచ్చి ఒక కూలీ ఊరికే చెయ్యి వేశాడు. గుంజ గిర్రున తిరిగి ఊడొచ్చింది. రెండోదీ అంతే. మర నిండా నూనె.

"ఇవేంటయ్యా, చేత్తోనే వచ్చేస్తున్నాయి!" అని గట్టిగా నవ్వాడు.

వీధిలో ఇంకెవరూ నవ్వలేదు. మా ఆయన గుమ్మంలో నిలబడి చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. అమ్మాయి ఊతకర్రల మీద మెల్లగా ఆయన పక్కకొచ్చి నిలబడింది.

"మిగతావి ఎటు తిప్పాలో చెప్పు నాన్నా. పాపం, వాళ్లు కష్టపడుతున్నారు," అంది.