ఫణీంద్ర ఉతికిన చీర

చైనా నుంచి తిరిగొచ్చిన కొద్ది రోజులకే ఫణీంద్రకు చుట్టాల్లో మంచి మొగుడని పేరొచ్చింది. ఆ పేరు తనకు చెందదని అతనికి తెలుసు. ఇంట్లో ఆ సంగతి తెలిసిన రెండో మనిషి అతని భార్య త్రివేణి. ఆ పేరు తెచ్చిపెట్టింది కూడా ఆమే.

అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు తయారుచేసే ఒక కోచింగ్ సెంటర్లో ఫణీంద్ర భూగోళశాస్త్రం చెప్పేవాడు. పల్లెల నుంచి వచ్చి హాస్టళ్ళలో ఇరుకిరుకుగా ఉండి చదువుకునే పిల్లలకు అతని పాఠమంటే ఇష్టం. బోర్డు మీద చైనా పటం ఒక్క గీతలో గీసేవాడు. దక్షిణాన సున్నపురాయి కొండలుంటాయని, నీళ్ళు వాటిని లోపలి నుంచి తొలుస్తూ పోతాయని, ఒకచోట పెద్ద జలపాతమై దూకుతాయని, తాను అక్కడే పుట్టినట్టు చెప్పేవాడు. కళ్ళారా చూసింది మాత్రం ఏమీ లేదు. పిల్లలెవరైనా చూశారా సార్ అని అడిగితే మాట మార్చేవాడు.

2013 ఎండాకాలంలో సెంటరు యజమాని భానుప్రకాశ్, అతని భార్య నవనీత చైనా పల్లెలు తిరిగి రావడానికి బయలుదేరుతూ, మీరూ రండని పిలిచారు. హిమాయత్‌నగర్‌లో ఒక ట్రావెల్స్ వాళ్ళు ఒక బస్సుకు సరిపడా జనాన్ని తీసుకుపోతున్నారు. ఫణీంద్ర ఆ రోజు అన్నం సరిగా తినలేదు, అంత సంబరం. చిక్కడపల్లిలో చిన్నపిల్లల బడిలో టీచరుగా పనిచేసే త్రివేణికి ఊళ్ళు తిరిగే మోజు లేదు. కానీ మొగుడి మొహం చూసి సరేనంది. బడికి ఎట్లాగూ ఎండాకాలం సెలవులే, మామిడికాయ తొక్కు, పల్లీల పొడి మూట కట్టింది.

మొదట్లో అంతా బాగానే నడిచింది. గ్వీజో అనే కొండల రాష్ట్రంలో బస్సు మెలికలు తిరుగుతూ పోతుంటే, పుస్తకంలోని కొండలు వడ్లరాశుల్లా ఒకదాని పక్కన ఒకటి లేచి నిలబడ్డాయి. ఫణీంద్ర సీట్లోంచి లేచి అందరికీ పాఠం చెప్పాడు. భానుప్రకాశ్ చప్పట్లు కొట్టించాడు. త్రివేణి కిటికీ పక్కన కూర్చొని, మడుల్లో వంగి నాట్లు వేస్తున్న ఆడవాళ్ళను చూస్తూ ఏదో అంది. అతను వినిపించుకోలేదు.

జలపాతానికి పోయే రోజు పొద్దున ఆమె కడుపు చెడింది. పోనుపోనూ ఎక్కువై, ఆపుకోలేక, బస్సులోనే చీర పాడైంది. వెనక సీట్లో ఎవరో కిటికీ తెరిచారు. ఇంకెవరో చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. ఫణీంద్రకు జాలి కంటే ముందు సిగ్గేసింది. రాత్రి హోటల్లో ఆ కారం పులుసు తాగొద్దని చెప్పినా వినలేదని, అందరికీ వినబడేలా అన్నాడు. నిజానికి అతను చెప్పనేలేదు. త్రివేణి తల వంచుకుంది.

దారి చూపించే చైనా అమ్మాయి లీ ఒక పల్లెలో బస్సు ఆపించి, తనకు ఎరుకైన ఒక ముసలామె ఇంటికి వాళ్ళను తీసుకుపోయింది. చెక్కల ఇల్లు, ముందర సన్నటి కాలువ. నీలిరంగు అంగీ తొడుక్కొని, కొప్పులో పెద్ద గుడ్డపువ్వు పెట్టుకున్న ఆ ముసలామె త్రివేణిని ఒకసారి పైనుంచి కిందికి చూసి, ఏమీ అడగకుండా చెయ్యి పట్టుకొని లోపలికి నడిపించింది. ఊరి డాక్టరు వచ్చి మందులిచ్చాడు. భయపడాల్సింది లేదు గానీ ఇప్పుడప్పుడే బస్సెక్కొద్దన్నాడు. సాయంత్రం ఇదే తోవలో తిరిగి వస్తాం, అప్పుడు ఎక్కించుకుపోదాం, అందాకా ఒకరు తోడుంటే మంచిదని చెప్పి లీ ఫణీంద్ర వైపు చూసింది.

అతను నోరు తెరిచేలోగా నవనీత తాను ఉంటానంది. ఇంకొకరి భార్య ఆగిపోయి తాను పోతే నలుగురూ ఏమనుకుంటారోనని అతనికి తట్టింది. తానే ఆగిపోవచ్చని మాత్రం తట్టలేదు. తట్టినా అక్కడే తొక్కేశాడు. నిద్రపోయే మనిషికి కాపలా ఎందుకమ్మా, ఇక్కడ పెద్దామె ఉంది కదా అని నవనీతను ఒప్పించాడు. తర్వాత త్రివేణి దగ్గరికి పోయి, నువ్వేమంటవని అడిగాడు.

"పోండ్రి," అంది త్రివేణి. "ఇంత దూరమొచ్చి చూడకపోతె ఎట్ల."

ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆమె చెయ్యి అతని భుజానికున్న సంచి పట్టీని వదల్లేదు. అతనే మెల్లగా ఆ వేళ్ళు విడదీశాడు.

జలపాతం అతను పాఠంలో చెప్పినదానికంటే గొప్పగా ఉంది. ఆ హోరులో పక్కమనిషి మాట వినబడలేదు. తుంపరలకు తడిసిపోతూ, చిన్నపిల్లాడిలా అటూ ఇటూ తిరుగుతూ లెక్కలేనన్ని ఫోటోలు తీశాడు. ఒకటి రెండుసార్లు త్రివేణి గుర్తొచ్చింది. పడుకొని ఉంటుందిలే అనుకున్నాడు.

తిరిగి వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. డ్రైవరు బస్సు దిగకుండానే హారన్ కొట్టాడు. ముసలామె ఇంటి అరుగు మీద నీలిరంగు అంగీలు తొడుక్కున్న ఇద్దరు ఆడవాళ్ళు మక్కకంకులు ఒలుస్తున్నారు. ఫణీంద్ర వాళ్ళను దాటి లోపలికి తొంగిచూసి, త్రివేణి ఏదని సైగతో అడిగాడు. ఆ ఇద్దరిలో ఒకరు లేచి నిలబడ్డారు. అది త్రివేణే. చీర ఉతికి మడతపెట్టి పక్కన ఉంది. ఆమె గబగబా లోపలికి పోయి చీర కట్టుకొచ్చింది. ముసలామె త్రివేణి రెండు చేతులూ పట్టుకొని నిలబడింది. డ్రైవరు మళ్ళీ హారన్ కొట్టాడు.

బస్సులో ఆమె అడిగిన మొదటి మాట జలపాతం మంచిగున్నదా అని. అతను దారి పొడుగునా దాని ఎత్తూ వెడల్పూ వర్ణించాడు. నీకెట్లుందని ఒకసారి అడిగాడు. బాగానే ఉందంది. ఆ రోజంతా అక్కడేం జరిగిందని మాత్రం అతను అడగలేదు. అడిగితే, తాను లేని సంగతి అందులో వస్తుంది.

హైదరాబాదు వచ్చాక నారాయణగూడలో ఉన్న అత్తగారు అనసూయమ్మ ఇంట్లో ఫోటోలన్నీ టీవీలో పెట్టి చూపించాడు. జలపాతం రాగానే త్రివేణి చెల్లెలు మాధురి, అక్క ఏదీ ఒక్కదాంట్ల కూడా లేదని అడిగింది. త్రివేణి పళ్ళెంలో పల్లీలు ఏరుకుంటూ, తల ఎత్తకుండా జవాబు చెప్పింది. తనకు పానం బాగలేక ఒక పల్లెలో ఆగిపోయిందట, ఈయన కూడా తనతోనే ఉన్నాడట, ఆ ఫోటోలు భానుప్రకాశ్ తీసిచ్చినవట.

ఫణీంద్ర ముందు హమ్మయ్య అనుకున్నాడు. అట్లా అనుకున్నందుకు తర్వాత చాలా రోజులు తనమీద తనకే రోత పుట్టింది.

ఆ కథ అంతటితో ఆగలేదు. చిక్కడపల్లిలో పక్కింటివాళ్ళకు చెప్పినప్పుడు, అతను చెంచాతో గంజి తాగించాడని చెప్పింది. బడిలో టీచర్లు ఇంటికొచ్చినప్పుడు, ఎన్నిసార్లు లేస్తే అన్నిసార్లు చెయ్యి పట్టుకొని పెరట్లోకి నడిపించాడని చెప్పింది. పందుల దొడ్డి పక్కన రెండు చెక్కల మీద కూర్చోవాలి, తూలి పడిపోకుండా భుజం పట్టుకొని నిలబడ్డాడట, మొహం కూడా చిట్లించలేదట. ఇంకోసారి చీర ఉతికి ఆరేశాడంది. అరికాళ్ళకు అల్లం రుద్దాడంది. విన్న ఆడవాళ్ళు తమ మొగుళ్ళ వైపు చూసేవాళ్ళు. మొగవాళ్ళు నవ్వి ఫణీంద్ర వీపు తట్టేవాళ్ళు. అతను లేచి మంచినీళ్ళకని లోపలికి పోయేవాడు.

తన తప్పు దాచడానికే ఆమె ఇట్లా కల్పిస్తోందని అతను అనుకున్నాడు. కొన్నాళ్ళకు ఇంకో అనుమానం కూడా వచ్చింది, ఇట్లా పొగిడి పొగిడి తనను కాలుస్తోందేమోనని. ఒకరోజు మాధురికి చెబుతూ త్రివేణి, నాకు నిద్ర పట్టేదాకా పక్కన కూర్చొని సన్నగా ఏదో పాడాడంది. మాధురి పడీపడీ నవ్వింది. బావ పాడిండా అని అడిగింది. ఫణీంద్ర పుట్టి బుద్ధెరిగాక ఒక్క పాట పాడలేదు, అది ఇంట్లో అందరికీ తెలుసు. త్రివేణి మాత్రం నవ్వలేదు. పాడిండు, నేను విన్న, అంది. అంటుంటే ఆమె కళ్ళు ఎక్కడో ఉన్నాయి.

అప్పుడు అతనికి తెలిసింది. ఆమె ఒక్కటీ కల్పించలేదు. గంజి నిజం, అల్లం నిజం, భుజం పట్టుకున్న చెయ్యి నిజం. అవన్నీ ఆ ముసలామె చేసినవి. ఆ రోజు ఏం జరిగిందో తాను అడగని కథనంతా, తన పేరు మీదే ముక్కముక్కగా వింటున్నాడు. మాధురి ముందు కూర్చోలేక చెప్పులేసుకొని బయటికి పోయాడు.

ఆ శ్రావణంలో అనసూయమ్మ ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నారు. భానుప్రకాశ్, నవనీతలను కూడా పిలిచారు. భోజనాల దగ్గర అనసూయమ్మ నలుగురి ముందు అల్లుడి సంగతి ఎత్తుకుంది. తన పెనిమిటి బతికినన్నాళ్ళూ జ్వరమొస్తే కూడా పక్కన కూర్చోలేదని, తన బిడ్డ పెట్టి పుట్టిందని చెప్పి, నవనీత వైపు తిరిగింది.

"నువ్వు గూడ ఆడ్నే ఉంటివి గద బిడ్డ. చీర గూడ ఉతికిండట గద మా అల్లుడు?"

ఫణీంద్ర చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. నవనీత అతని వైపు చూసింది. తర్వాత త్రివేణి వైపు చూసింది. వడ్డిస్తున్న త్రివేణి గిన్నె పట్టుకొని కదలకుండా నిలబడింది. భానుప్రకాశ్ విస్తరిలోకి చూస్తూ, ఉన్న అప్పడాన్నే మళ్ళీ మళ్ళీ విరుస్తున్నాడు.

"అవునమ్మా," అంది నవనీత. "ఆయన ఆగిపోయిండు. మేమందరం పోయినం."

ఆ తర్వాత ఆమె ఆ పూటంతా ఫణీంద్రతో మాట్లాడలేదు. పోయేటప్పుడు త్రివేణిని దగ్గరికి తీసుకొని వీపు నిమిరి పోయింది.

ఆ మధ్యాహ్నం మొగుడూ పెళ్ళాలు నారాయణగూడ నుంచి చిక్కడపల్లికి నడిచే బయలుదేరారు. ఆటో వద్దని ఫణీంద్రే అన్నాడు. ఫ్లైఓవర్ దాటి కొంత దూరం పోయాక నోరు విప్పాడు.

"ఇగ చాలు త్రివేణి. అత్తమ్మకు నేనే చెప్త. ఆ రోజు నేను లేనని చెప్త."

"ఎందుకు?"

"తల ఎత్తుకోలేకపోతున్న."

"మీరు చెప్తె మీ మనసు తేలికైతది," అంది త్రివేణి. "నేను అబద్ధాలదాన్నయిత. ఇయ్యాల నవనీత గూడ అయితది. గంతే గద."

కొన్ని అడుగులు వేశాక అతను, నా పరువు కాపాడాలని నువ్వు ఇంత చేయాల్సింది కాదని గొణిగాడు. ఆమె ఆగిపోయింది. పక్కన జామకాయల బండివాడు కొంటారేమోనని చూశాడు.

"మీ పరువు కోసం ఎవలు చేసిన్రు? అందరు చూస్తుండంగ పెనిమిటి ఇడిసిపెట్టి పోయిండని మా అమ్మకు ఏం మొహం పెట్టుకొని చెప్పాలె? ఇగ ఆ అవ్వ సంగతి చెప్పకుండ ఉండుడు నాతోని కాలె. కన్నతల్లి గూడ చెయ్యదు గట్ల. ఆమె చేసిందంటె, మరి నీ మొగడు యాడున్నడని అడుగుతరు. అందుకే ఆమె చేసినయన్ని మీరు చేసిన్రని చెప్పిన."

ఆ మాటల్లో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదని అతనికి అనిపించింది. ఇద్దరూ మళ్ళీ నడిచారు. ఇన్ని నెలలుగా అడగనిది అతను అప్పుడు అడిగాడు. ఆ అవ్వ నీకేం పాట పాడింది అన్నాడు.

త్రివేణి, అది పాటో, కోళ్ళను పిలుస్తోందో తనకు తెలియదంది. కొంచెం దూరం పోయాక తనంతట తానే మొదలుపెట్టింది. ముసలామెకు పళ్ళు రెండో మూడో ఉన్నాయట. పేరు చెప్పిందట గానీ తనకు నోరు తిరగక అవ్వా అని పిలిస్తే, అదే తన పేరన్నట్టు పలికిందట.

"నీ మొగడేడని చేతులతోని అడిగింది," అంది త్రివేణి. "నీళ్ళు దుంకేది చూడనీకె పోయిండని చూపెట్టిన. ఆమె ఇంటి ముందర కాల్వ చూపించి, ఈడ గూడ నీళ్ళే గద అన్నట్టు చెయ్యి తిప్పింది. ఇద్దరం ఒకటే నవ్వినం."

ఆ రోజు ఆమె ఏడ్చి ఉంటుందని ఫణీంద్ర అనుకుంటూ వచ్చాడు. తనను తలుచుకొని నవ్వుకున్నారన్నది ఇప్పుడే తెలిసింది. ఎండలో అతని చెవులు వేడెక్కాయి. ఆ ముసలామె ఫోటో ఒక్కటైనా తియ్యలేదే అన్నాడు. త్రివేణి చిక్కడపల్లి మార్కెట్టు దగ్గర ఆగి తోటకూర బేరం చేసింది. సంచి అతను పట్టుకున్నాడు.

అతను ఎవరికీ ఏమీ చెప్పలేదు. అయితే ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు అప్పుడప్పుడు ఆ రోజు సంగతి అడిగేవాడు. ఆమె ఒక్కోసారి చెప్పేది, ఒక్కోసారి పని ఉందని లేచిపోయేది. క్లాసులో ఆ సున్నపురాయి కొండల పాఠం వచ్చినప్పుడు ఒక పిల్లాడు, మీరు చూసొచ్చారట కదా సార్, ఎట్లుంటదో చెప్పుండ్రి అన్నాడు. ఫణీంద్ర పుస్తకంలో ఉన్నంత మటుకు చెప్పి బోర్డు తుడిచేశాడు.

ఆ ఏడాది దసరాకు అనసూయమ్మ అల్లుడిని పక్కన కూర్చోబెట్టుకొని, వచ్చిన బంధువులకు చీర ఉతికిన కథ మళ్ళీ మొదలుపెట్టింది. ఫణీంద్ర విస్తరి మీద నుంచి తల ఎత్తలేదు. ఇంత చేసి కూడా ఎంత అణకువో చూడండని ఒకామె మెచ్చుకుంది. అనసూయమ్మ మురిసిపోయి ఇంకో రెండు బూరెలు తెచ్చి అతని విస్తట్లో వేసింది.