పొయ్యి లేని గది

“కందిపొడి కిలో చాలదు కిరణ్, రెండు కిలోలు కొట్టు,” అన్నారు మా ఆయన, పేపర్లోంచి తల ఎత్తకుండానే.

జూన్ నెల ఆదివారం పొద్దున. ఢిల్లీ పక్కన మా వైశాలిలో కరెంటు పోయి చాలాసేపయింది. మా ఇన్వర్టరు మీద హాల్లో ఫ్యానూ టీవీ నడుస్తాయి. వంటింట్లో ఫ్యాను నడవదు. కొన్న రోజునే ఆయన అలా వైరింగ్ చేయించారు, “వంటింట్లో ఎంతసేపుంటావు గనక” అని. నేను బాణలి ముందు నిలబడి కందిపప్పు వేయిస్తున్నాను. చెమట మెడ మీంచి వీపులోకి కారుతోంది.

“ఇద్దరం నాలుగు రోజులుండేదానికి రెండు కిలోలెందుకండీ? మీకోసం ఒక చిన్న సీసా చాలదూ?” అన్నాను.

“ఇద్దరం ఏమిటి, నలుగురం. నీకు చెప్పలేదూ? రాజగోపాల్ గారూ మేడమూ కూడా వస్తున్నారు. ఇవాళ భోజనానికి పిలిచాను. అన్నీ మాట్లాడేసుకుందాం.”

పప్పు మాడింది. పదిహేనేళ్ళ కాపురంలో నేను పప్పు మాడ్చడం అదే మొదలేమో.

రాజగోపాల్ గారు మా ఆయనకి జనరల్ మేనేజరు. మా ఆయన భీమేశ్వరరావు గారు లోధీ రోడ్డులోని ఒక ప్రభుత్వరంగ సంస్థలో ఆయన కింద పనిచేస్తారు. మా ఆయన తన సొంత ప్రయాణానికి ఎవర్ని పిలుచుకున్నా నాకేం బాధ లేదు. కానీ ఈ పారిస్ ప్రయాణం నాది.

నాది అని గట్టిగా ఎందుకంటున్నానంటే, కన్నాట్ ప్లేసులో ఒక ట్రావెల్ కంపెనీలో పదేళ్ళుగా నేను యూరప్ టేబుల్ దగ్గర కూర్చుంటున్నాను. పొద్దున్నే వంట చేసి, డబ్బాలు సర్ది, చార్టర్డ్ బస్సులో నిలబడి వెళ్ళి, కరోల్ బాగ్ కొత్త జంటలకీ లూధియానా వ్యాపారస్తులకీ ప్రయాణాలు కట్టి పెడతాను. పారిస్ పక్కన డిస్నీలాండులో ఏ హోటల్లో ఏ వైపు గది తీసుకుంటే కిటికీలోంచి కోట కనిపిస్తుందో నాకు తెలుసు. నా పాస్‌పోర్టు మీద మాత్రం ఒక్క ముద్ర లేదు. పదేళ్ళు పూర్తిచేసిన వాళ్ళకి మా కంపెనీ ఒక ప్రయాణం ఇస్తుంది, ఉద్యోగికీ తోడుగా ఇంకొకరికీ. టిక్కెట్లూ హోటలూ కంపెనీవే. ఎక్కడికంటే అక్కడికి. నేను డిస్నీలాండు అన్నాను. పిల్లల్ని పంపి నేను గట్టు మీద కూర్చోవడానికి కాదు. అక్కడికి వెళ్ళొచ్చిన ఆడవాళ్ళు నాకు ఫొటోలు చూపిస్తారు. నలభై దాటినావిడ కూడా అక్కడ పైకీ కిందికీ దూకే బళ్ళలో నోరు బార్లా తెరిచి అరుస్తూ ఉంటుంది. నేను అలా అరిచి ఎన్నాళ్ళయిందో నాకు గుర్తు లేదు. అసలు ఎప్పుడైనా అరిచానా అనేదీ గుర్తు లేదు.

ఆ బహుమతి ఇచ్చిన రోజున మా మేనేజరు మైకులో ఏమన్నాడంటే, “కిరణ్ జీ, పతిదేవ్ కో థ్యాంక్యూ బోలియే. దస్ సాల్ నౌకరీ కర్‌నే దియా.” పదేళ్ళు ఉద్యోగం చెయ్యనిచ్చినందుకు మొగుడికి థ్యాంక్స్ చెప్పాలట. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మంట.

కాకినాడ నుంచి మా అత్తగారు దుర్గాంబ గారు ఫోన్లో, “ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందిట!” అన్నారు. మా ఆయన, “డిస్నీలాండేమిటి, అది చిన్నపిల్లలది కదా” అన్నారు. తర్వాత రెండ్రోజులు ఏమీ అనలేదు. ఆ మౌనంలో ఏం లెక్క వేశారో నాకిప్పుడు తెలిసింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నా పదేళ్ళని తీసుకెళ్ళి బాసు చేతుల్లో పోశారు.

నేను ఈ ప్రయాణం నుంచి కోరుకున్నది చాలా చిన్నది. పార్కు గేటు పక్కనే ఉన్న హోటల్లో నాలుగు రాత్రులు. పొద్దున లేచి కిందికి దిగితే, నేను చెయ్యని ఫలహారం బల్ల మీద ఉండాలి. టీయా కాఫీయా అని ఎవరో నన్ను అడగాలి. అంతే. నాకది ఎందుకంత ముఖ్యమో ఊళ్ళు తిరిగిన ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు. మా హనీమూన్‌కి నైనితాల్ వెళ్ళినప్పుడు అత్తగారు కూడా వచ్చారు, కిరసనాయిలు స్టవ్వుతో సహా. “కొత్త ప్రదేశం, పిల్లాడు ఏం తింటాడో ఏమో” అని. ఆ తర్వాత ఆయన ఆఫీసు ఖర్చు ఇచ్చే ఎల్‌టీసీ మీద వెళ్ళిన ప్రతి ఊరికీ మా సూట్‌కేసులో ఎలక్ట్రిక్ కుక్కరు వచ్చింది. లాడ్జి గదిలోకి అడుగుపెట్టగానే అందరూ కిటికీ తెరిచి బయటికి చూస్తారు, నేను ప్లగ్ పాయింట్ వెతుకుతాను. ఊటీలో అది మంచం వెనకాల ఉండేది. కన్యాకుమారిలో బాత్రూములో అద్దం పక్కన. సముద్రం ఎలా ఉందని ఎవరైనా అడిగితే నాకు ఆ అద్దం మీద పట్టిన ఆవిరే గుర్తొస్తుంది.

మధ్యాహ్నం వాళ్ళు వచ్చారు. గుత్తివంకాయ, పప్పుచారు, అప్పడాలు. రాజగోపాల్ గారు రెండోసారి వంకాయ వడ్డించుకుని, “చూడు భీమేశ్వర్, నాకు బయటి తిండి పడదు. ఆ బ్రెడ్డు ముక్కలు నావల్ల కాదు. రాత్రికి ఇంత చారన్నం పడాల. లేకుంటే నిద్ర రాదు,” అన్నారు. వాళ్ళది అనంతపురం.

“మా కిరణ్ ఉండగా మీకేం బెంగ సార్? అదంతా ఆలోచించే ఉంచాను,” అన్నారు మా ఆయన. లేచి వెళ్ళి నేను ఆఫీసు నుంచి తెచ్చుకున్న బ్రోషరు పట్టుకొచ్చారు. నేను అపురూపంగా దాచుకున్న ఆ బ్రోషరు మొత్తంలో ఆయన కళ్ళకి ఆనింది ఒక్కటే, అడవిలో చెక్క కాటేజీలు. “ఇదిగో సార్, రెండు బెడ్‌రూములు, వంటగది, ఫ్రిజ్జు, నాలుగు పొయ్యిలు. కిరణ్, రేపు వెళ్ళగానే ఆ హోటలు క్యాన్సిల్ చేసి నలుగురికీ ఇదొకటి తీసుకో. ఈ ఇంటర్నెట్ పనులు నీకే బాగా తెలుసు.”

మజ్జిగ పోసుకుంటున్న మా అమ్మాయి ఉష తలెత్తి నా వంక చూసింది. దానికి పదమూడేళ్ళు. తెలుగు అర్థమవుతుంది గాని మాటలు హిందీలోనే వస్తాయి. “మమ్మీ, వహా భీ ఆప్ హీ ఖానా బనాఓగీ?” అని అడిగింది, అక్కడా నువ్వే వండుతావా అని.

“మీ మమ్మీకి వంటంటే సరదా,” అన్నారు వాళ్ళ నాన్న. నాకు వంట సరదా అనే సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

రాజగోపాల్ గారి భార్య సుభద్ర గారు కంచాలు తీసుకుని నా వెనకే వంటింట్లోకి వచ్చారు. వద్దన్నా వినకుండా సింకు దగ్గర నిలబడ్డారు. కరెంటు ఇంకా రాలేదు. హాల్లోంచి మగవాళ్ళ నవ్వులు వినిపిస్తున్నాయి.

“నువ్వు చానా ఆశ పెట్టుకున్నట్లుండావు ఈ ప్రయాణం మీద,” అన్నారావిడ గిన్నె తోముతూ.

నేను కంచాలు తుడవడం మొదలుపెట్టాను. అవునంటే ఏడుపొచ్చేలా ఉంది.

“పోయినేడు మేము సింగపూర్ పోయినాం. మా సార్ స్నేహితులు ఇంకా ఇద్దరు. రోజూ పొద్దుగూకినాక వచ్చి పక్షుల పార్కు అట్లుంది, సముద్రం ఇట్లుంది అని వాళ్ళు చెప్తాంటే, నేను చారు కాస్తా వింటాంటిని. సింగపూర్‌లో నేను బాగా చూసింది ఏందంటే, సింకు. ఇంత పెద్దది, తెల్లగా, మచ్చ లేకుండా ఉండె.” నవ్వుతూనే చెప్పారావిడ. నాకు నవ్వు రాలేదు.

వాళ్ళు వెళ్ళాక ఆయనతో అన్నాను, “నన్నొక్క మాట అడగాల్సింది మీరు.”

“అడగడానికేముంది ఇందులో? సెప్టెంబర్లో ప్రమోషన్లు. ఆయనతో నాలుగు రోజులు దగ్గరగా మసిలే అవకాశం మళ్ళీ రమ్మంటే వస్తుందా? ఇదంతా ఎవరికోసం, నీకోసం కాదూ?”

“ఇది నా ట్రిప్పండీ.”

“నీ ట్రిప్పు నా ట్రిప్పు ఏమిటి కిరణ్? మొగుడూ పెళ్ళాల మధ్య నీదీ నాదీ అని ఉంటుందా? నాలుగు ముద్దలు ఉడకేయడానికి ఇంత రాద్ధాంతమా? పోనీ నీకంత కష్టమైతే మానేద్దాం. నాకేం లేదు.”

ఆ ‘నాకేం లేదు’ నాకు బాగా తెలుసు. మానేస్తే తర్వాత ఏడాదంతా ఆ మాటతోనే నన్ను ఉడికిస్తారు, నీవల్లే నా ప్రమోషన్ పోయిందని. నేను బాల్కనీలోకి వెళ్ళి ఆరిన బట్టలు తీశాను. ఆయన బనీన్లు, ఆయన లుంగీలు, ఆయన చొక్కాలు. ఒక్కొక్కటే మడత పెడుతూ, నీదీ నాదీ అనేది ఉంటుందా ఉండదా అని ఆలోచించాను. మా ఇంట్లో ఉంటుంది. ఫ్యాను ఆయనది. వంటిల్లు నాది. నెల మొదట్లో వచ్చే నా జీతం మాత్రం మాది. నాకు ఆయన మీద కోపం కొత్త కాదు. ఇన్నేళ్ళూ దాన్ని చారులో కరివేపాకులా తీసి పక్కన పెట్టేదాన్ని. ఆ సాయంత్రం పక్కన పెట్టబుద్ధి కాలేదు. ఆయనంటే అసహ్యం వేసింది, పచ్చిగా. ఆ మాట లోపల అనుకున్నాక కూడా అబద్ధమని అనిపించలేదు.

సోమవారం ఆఫీసుకెళ్ళి కంప్యూటర్ తెరిచాను. ఆయన చెప్పినట్టే చెక్క కాటేజీ తీసుకున్నాను. దాని ఖర్చూ వాళ్ళిద్దరి టిక్కెట్లూ రాజగోపాల్ గారివే కాబట్టి ఆయన పేరు మీదే. రెండు బెడ్‌రూములు, వంటగది, ఫ్రిజ్జు, నాలుగు పొయ్యిలు. ఇక కంపెనీ నాకిచ్చిన హోటలు గది క్యాన్సిల్ చెయ్యాలి. ఒక బటన్ నొక్కితే పోతుంది. ఇతరుల ప్రయాణాలు ఎన్ని క్యాన్సిల్ చేశానో, ఎన్నడూ చెయ్యి ఆగలేదు. ఆ రోజు ఆగింది. గేటు పక్కనే గది, కోట కనిపించే వైపు. మంచాలు రెండు. కిరణ్మయి, తోడుగా ఇంకొకరు. టిక్కెట్టు మా ఆయన పేరున ఉన్నా, గదిలో ఆ ఇంకొకరు ఎవరో చెప్పాల్సింది నేనే గాని మా ఆయన కాదు, మా మేనేజరూ కాదు. ఇంతకాలం అది నాకు తట్టనే లేదు.

ఫోన్ తీసి సుభద్ర గారికి చేశాను. విషయం చెప్పాను.

“ఆ గదిలో పొయ్యి ఉండదా?” అని అడిగారు.

“ఉండదండీ.”

“సింకు?”

“మొహం కడుక్కునేది ఒకటి ఉంటుంది.”

“అయితే నా పేరు రాయమ్మా.” “ఆయనకి నేను చెప్పుకుంటాలే. ఇప్పుడే కాదు, విమానం దిగినాక,” అన్నారు.

ఆ తర్వాత జరగాల్సినవి వాటంతటవే జరిగాయి. వీసా కాగితాల మీద నేను పెన్సిల్‌తో గుర్తు పెట్టినచోటల్లా మా ఆయన సంతకాలు పెట్టారు. ఒక్క కాగితం కూడా చదవలేదు. ఎవరు ఏ గదిలో ఉంటారో అందులో స్పష్టంగా రాసే ఉంది. నేను దేన్నీ దాచలేదు. నా పని మీద ఏనాడూ చూపు పెట్టని అలవాటే ఆయన కళ్ళకి గంతలు కట్టింది. అత్తగారు ఉషకి తోడుండడానికి కాకినాడ నుంచి వచ్చారు. వస్తూ చింతపండు పులుసు మగ్గించి తెచ్చారు, “అబ్బాయికి అక్కడ పులిహోరకి ఉంటుంది” అని.

ప్రయాణం రోజు మధ్యాహ్నం మంచం మీద రెండు సూట్‌కేసులు తెరిచి ఉన్నాయి. మా ఆయన కుక్కరు తెచ్చి నా చీరల మీద పెట్టారు. దాని పక్కన కందిపొడి, చింతపండు పులుసు, బియ్యం సంచి. నేను ఒక్కొక్కటే తీసి ఆయన సూట్‌కేసులో సర్దాను.

“నీ దాంట్లో చోటు లేదా?” అన్నారు.

“ఉంది. కానీ ఇవి మీకే కావాలి.”

“నాకేమిటి?”

“కాటేజీలో ఉండేది మీరూ రాజగోపాల్ గారూ కదండీ. నేనూ సుభద్ర గారూ హోటల్లో ఉంటాం. మా గదిలో పొయ్యి లేదు.”

ఆయన నా చేతిసంచీలోంచి గదుల వోచర్లు లాక్కుని చూశారు. ఒకసారి, మళ్ళీ ఒకసారి. మొహం నల్లబడింది. తలుపు దగ్గర మా అత్తగారు చెంపకి చెయ్యి ఆనించి నిలబడిపోయారు. ఆవిడ వెనక ఉష నన్నే చూస్తోంది.

“నీకు మతి పోయిందా? సార్ ఏమనుకుంటారు? ఇప్పుడే మార్పించు!”

“ఇప్పుడు మారదు. ఆ సంగతి నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలీదు. ఆయన వంటగది కావాలన్నారు, ఇప్పించాను. మీరు ఆయనతో నాలుగు రోజులు దగ్గరగా మసలాలన్నారు, అదీ ఇప్పించాను.”

నేను నా సూట్‌కేసు మూసి జిప్పు లాగాను. కుక్కరు లేని నా సూట్‌కేసు అంత తేలిగ్గా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆయన సూట్‌కేసులో కుక్కరు పక్కకి ఒరిగిపోయింది, దాన్ని సరిగ్గా నిలబెట్టి, వైరు చుట్టి పెట్టాను.

“బియ్యం ఒకటికి నీళ్ళు రెండు,” అన్నాను. “ప్లగ్ పాయింట్ ఎక్కడుందో మీరే వెతుక్కోవాలి.”