మొగ మూసిన రోజు

ఆ ఊళ్లో అందరూ ఆమెను బెదురమ్మ అనేవారు. కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, అది ఓటర్ల జాబితాలో తప్ప ఇంకెక్కడా పనికొచ్చేది కాదు. పిల్లి గోడ దూకినా ఉలిక్కిపడే మనిషికి మరో పేరు ఎలా నిలుస్తుంది? అలాంటి మనిషి ఒక తెల్లవారుజామున అన్నం గిన్నె చంకన పెట్టుకుని కాలువ గట్టు వెంట నడుస్తూ, ఒక హత్యను కళ్లారా చూసింది.

ఊరి కాలువ సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. మొగ తెరిచి ఉంటే పోటు వేళ ఉప్పునీరు కాలువలోకి ఎగదన్ని పొలాల్లో పడుతుంది. మూసి ఉంటే పడవలకు లోపల నీడపట్టు ఉండదు, అలల దెబ్బకు బయటి ఇసుక మీదే పడి ఉండాలి. అంటే పొలం వీధికి అది మూసి ఉండాలి, పడవల వీధికి తెరిచి ఉండాలి. ఈ తగువు తెగదని తాతల నాడే ఒక కట్టుబాటు చేసుకున్నారు. నాట్లు పడగానే రెండు వీధులూ కలిసి ఇసుక పోసి మొగ మూస్తాయి. కోతలయ్యాక రెండు వీధులూ కలిసే తెంపుతాయి. ఒక వీధి లేకుండా రెండో వీధి అక్కడ పార వెయ్యకూడదు.

దానికి కాపలా మొగ తాత. ఆయనకు పెళ్లాం పిల్లలు లేరు, జీతం అంతకంటే లేదు. ఇంటికో రోజు వంతున రెండు వీధులూ అన్నం పెట్టేవి. ఆ రోజు వంతు బెదురమ్మది.

ఇసుక దిబ్బ ఎక్కేసరికి మూసి ఉన్న మొగను పొక్లెయిను తవ్వేస్తోంది. అది రొయ్యల చెరువుల కాంట్రాక్టరుది. కాలువ పక్కన వంద ఎకరాల్లో చెరువులు తవ్వించిన పెద్దమనిషి అతను. చెరువులకు ఉప్పునీరు కావాలి, మొగ ఏడాది పొడుగునా తెరిచి ఉంచండని రెండు వీధుల్నీ అడిగాడు. కోతలయ్యేదాకా కుదరదని రెండు వీధులూ చెప్పాయి. అతను మళ్లీ అడగలేదు. అడగని వాడే ప్రమాదకరమని ఊరికి అప్పుడు తోచలేదు.

మొగ తాత చేతులు చాపి యంత్రానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆపండ్రా! పైరు పొట్ట మీదుందిరా! ఇప్పుడు ఉప్పు తగిలితే గింజ కట్టదు!"

పక్కన గళ్లచొక్కా వేసుకున్న మేస్త్రి చెయ్యి ఊపాడు. పొక్లెయిను తొట్టి గిర్రున తిరిగి ముసలాయన ఛాతీకి తగిలింది. ఆయన తెగిన గండిలో పడ్డాడు. పాటు వేళ కావడంతో నీళ్లు సముద్రంలోకి లాగుతున్నాయి. తెల్లటి తల ఒకసారి పైకి తేలింది, ఇంకోసారి తేలలేదు.

బెదురమ్మ దిబ్బ మీద నుంచి కదల్లేకపోయింది. గళ్లచొక్కా ఆమెను చూశాడు. పరిగెత్తలేదు, కేకలెయ్యలేదు. నింపాదిగా దిబ్బ ఎక్కి వచ్చి, ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

"పడవ సరంగు గారి భార్య కదూ మీరు? ఆయన రోజూ ఏ వేళకి వేటకెళ్తారో మాకు తెలుసమ్మా. సముద్రం చాలా పెద్దది. ఒక్క పడవ తిరిగి రాకపోతే, ఎందుకు రాలేదని అడిగేవాడు ఉండడు. మీరేమీ చూడలేదు కదా?"

ఆమె లేదన్నట్టు తల ఊపింది. అన్నం గిన్నె బరువు తగ్గకుండానే ఇల్లు చేరింది. అత్త మూత తీసి చూసింది.

"ఏమే, తాత తినలేదా?"

"కనబడలేదత్తా."

ఆ ఒక్క మాట ఆమె గొంతులో ముల్లులా దిగబడి, నాలుగు రోజులు అక్కడే ఉండిపోయింది.

ఇక పడవల వీధి చేసిన పొరపాటు చూడండి. పొద్దెక్కాక వేట నుంచి తిరిగొచ్చినవాళ్లకు మొగ తెరిచి కనబడింది. రెండు వీధులూ ఒప్పుకుంటే తప్ప మొగ తెరుచుకోవడం వాళ్ల పుట్టుకలో లేదు. కాబట్టి పొలం వీధి ఎందుకో ఈసారి ముందే ఒప్పుకుందనుకున్నారు. 'ఎన్నాళ్లకి మంచి బుద్ధి పుట్టిందిరా!' అని నవ్వుకుంటూ పడవలన్నీ కాలువలోకి తెచ్చి కట్టేసుకున్నారు. అడిగి తెలుసుకుందామన్న ఆలోచన ఒక్కడికీ రాలేదు. మధ్యాహ్నానికి పొలాల్లోకి ఉప్పునీరు ఎక్కింది. పొలం వీధి వాళ్లు పరుగున వచ్చి చూస్తే ఎదురుగా తెగిన మొగ, లోపల వరసగా కట్టేసిన పడవలు. దొంగ ఎవరని ఇంకెవర్ని అడగాలి?

మూడో రోజు మొగ తాత శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది, అదీ పడవల వీధి వైపే. ఎస్సై వచ్చి, తాగి కాలుజారి పడ్డాడని రాసుకుపోయాడు. ఆయన జన్మలో తాగి ఎరగడని రెండు వీధులకూ తెలుసు. తాగలేదు కాబట్టి ఎవరో తోశారని పొలం వీధి అంది. కాంట్రాక్టరు కారు దిగి వచ్చి, పొలం వీధిలో పడవల వాళ్లను తిట్టి, పడవల వీధిలో పొలాల వాళ్లను తిట్టి, రెండు చోట్లా కన్నీళ్లు పెట్టుకుని వెళ్లాడు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందన్న సామెత చిన్నపిల్లలకు కూడా వచ్చు. పిల్లి కారులో వస్తే మాత్రం పెద్దవాళ్లు కూడా పోల్చుకోలేరు.

ఈ లోపు బెదురమ్మ బతుకు అడకత్తెరలో పోకచెక్క అయింది. ఆమె పుట్టింది పొలం వీధిలో, మెట్టింది పడవల వీధిలో. మొగుడు తెల్లవారుజామున వేటకు పోతే, అతని తెరచాప కనబడేదాకా ఒడ్డునే నిలబడేది. 'కొత్త పెళ్లికూతురివా ఏం?' అని తోటికోడళ్లు ఆటపట్టించారు. ఆమె నవ్వలేదు. గళ్లచొక్కా రోజూ ఒకసారి ఒడ్డుకు వచ్చి, దూరంగా నిలబడి బీడీ ముట్టించుకుని వెళ్లేవాడు. అతను వెళ్లాక కూడా ఆమెకు అన్నం సహించేది కాదు.

నాలుగో రోజు పడవల వీధి వలలు ఎవరో కత్తులతో కోసేశారు. చేపల గంపలు సంతకు పోకుండా పొలం వీధి వాళ్లు బండ్లు అడ్డం పెట్టారు. మధ్యాహ్నానికి రెండు వీధుల నడుమనున్న కల్లంలో జనం ఎదురెదురుగా నిలబడ్డారు. ఇటు తెడ్లు, అటు కొడవళ్లు.

"మా నోటి కాడ కూడు తీశారు! మూడు నెలల కష్టం ఎర్రబడిపోయింది!"

"మా వలలు కోసిందెవడ్రా? వల లేకపోతే మేం మట్టి తినాలా?"

"తాతని మింగినోళ్లకి వలలెందుకు?"

ఆ మాట అన్నది బెదురమ్మ తమ్ముడు. ఆమె మొగుడు సరంగు తెడ్డు ఎత్తాడు. తమ్ముడు కొడవలి ఎత్తాడు. ఇద్దరి మధ్యా నాలుగడుగులు కూడా లేవు.

బెదురమ్మ ఎలా వెళ్లిందో ఆమెకే తెలియదు. మధ్యలో ఉంది, అంతే.

"నేను చూశాను," అంది.

ఎవరికీ వినబడలేదు. ఇంకోసారి అరిచింది. "తాతని చంపింది నేను చూశాను! కాంట్రాక్టరు పొక్లెయిను! గళ్లచొక్కా వాడు చెయ్యి ఊపాడు. మొగ తెంపింది వాళ్లు!"

తమ్ముడు కొడవలి దించలేదు.

"మొగుణ్ణి కాపాడుకోడానికి కట్టుకథ చెప్పకక్కా. చూస్తే నాలుగు రోజులెందుకు నోరు మూసుకున్నావు?"

"భయమేసిందిరా. మీ బావని సముద్రంలో ముంచేస్తానన్నాడు. ఇప్పుడూ భయంగానే ఉంది. ఇదిగో, చూడు నా చేతులు."

ఆ చేతులు గాలికి ఆకుల్లా ఆడుతున్నాయి. పొలం వీధిలో ఒక గొంతు, "అంతా నాటకం," అంది. అప్పుడు తమ్ముడే అడ్డుపడ్డాడు. అతని మొహం పాలిపోయింది.

"ఆగండి. మనం మొగ తెంపితే ఇసుక ఏం చేస్తాం? రెండు వైపులా నిలబడి రెండు గట్లకీ పోస్తాం. అక్కడ ఇసుకంతా ఒకే పక్క కొండలా ఉంది. పొద్దున్నే చూశాను. చూసి కూడా..." మాట మింగేశాడు. "మనుషులు తవ్విన ఇసుక అలా పడదు."

నిజమే. ఆ కుప్పను ఊరంతా చూసింది. కోపం కళ్లకు అడ్డం పడితే కొండ కూడా కనబడదు. మన మీదికి మనల్నే ఉసిగొల్పేవాడికి కావలసింది ఆ కోపమే.

తర్వాత కల్లంలో కొట్లాట పోయి వాదన మొదలైంది. కలెక్టరు దగ్గరికి పోదామని కొందరు, కోర్టని కొందరు. బెదురమ్మ అత్త నడుం మీద చేతులు పెట్టుకుని లేచింది.

"మీ కాగితం కలెక్టరు దగ్గరికి పోయి వచ్చేలోగా ఎన్ని పోట్లు వస్తాయో లెక్కెట్టండి. సాయంత్రం పోటు వస్తే మిగిలిన పైరు కూడా పోద్ది. పాటు దిగింది, ఇప్పుడే మొగలో నీళ్లు తక్కువ. మూయాలంటే ఇదే వేళ. కాగితం రేపు రాసుకోండి."

"కాంట్రాక్టరు మనుషులు తుపాకులతో వస్తే?" అని ఎవరో అడిగారు.

అయినా తమ్ముడు కొడవలి పక్కన పడేసి గంప అందుకున్నాడు. ఒకడి వెనక ఒకడు లేచారు.

పొలం వీధి గోనెసంచులు, గడ్డిమోపులు తెచ్చింది. పడవల వీధి కోసేసిన వలల్నే సంచుల్లా కట్టి ఇసుక నింపింది. కానీ మొగ వెడల్పుగా తెగింది. వేసిన సంచి వేసినట్టే జారిపోతోంది. అడుగున ఏదైనా గట్టి అడ్డు పడితే తప్ప ఇసుక నిలవదు. అందరూ చేతులుడిగి చూస్తుంటే, సరంగు తన పడవ తాడు విప్పాడు.

"ఏం చేస్తున్నావు?" అని బెదురమ్మ పరిగెత్తింది.

"నన్ను నడి సముద్రంలో ముంచుతానన్నాడుగా? వాడికి ఆ శ్రమ ఎందుకు, నేనే ఇక్కడ ముంచుకుంటా."

మనిషి నవ్వుతున్నాడు గానీ కళ్లు ఎర్రబడ్డాయి. పద్నాలుగేళ్లు అన్నం పెట్టిన పడవ. మొగకు అడ్డంగా తిప్పి, అడుగు పలకకు గొడ్డలితో తనే చిల్లు పెట్టాడు. పడవ మెల్లగా కూర్చుంది. దానిలో మొదటి గంప ఇసుక పోసింది అతని బావమరిది. ఆ తర్వాత ఏ గంప ఏ వీధిదో చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. బెదురమ్మ ఏడుస్తూనే గంపలు అందించింది.

గట్టు మోకాలెత్తు లేచేసరికి రెండు జీపులొచ్చాయి. వెనకే పొక్లెయిను, దాని పక్కన గళ్లచొక్కా. ఎస్సై దిగాడు.

"ప్రభుత్వ కాలువకి అడ్డు కడతారా? హత్య జరిగిందని పుకార్లు పుట్టించిందెవరు?"

గళ్లచొక్కా వేలు చూపించాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు బెదురమ్మ రెక్కలు పట్టుకున్నారు. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. జీపులోకి తోస్తుంటే జనం గంపలు వదిలేసి జీపు మీదికి విరుచుకుపడ్డారు. అందరికంటే ముందు తమ్ముడు.

"అక్కని వదలండ్రా!"

బెదురమ్మ కిటికీలోంచి మొగ వైపు చూసింది. సముద్రం రంగు మారుతోంది. పోటు మొదలైంది. గట్టు మీద ఒక్క మనిషి లేడు. తడి ఇసుక అంచులు విరిగి నీళ్లలో పడుతున్నాయి. తను వెళ్లిపోతున్నందుకు కాదు, ఆ ఇసుక విరుగుతున్నందుకు ఆమెకు ఈసారి భయమేసింది.

"నా కోసం రావద్దురా! వెనక్కి పొండి!" ఆ గొంతు ఆమెదేనా అని సరంగే తల తిప్పి చూశాడు. "పోటొస్తోంది! గట్టు మీదికి పొండి! ఇసుక ఆపారంటే నేను చచ్చినంత ఒట్టు!"

తమ్ముడు జీపు ముందు ఆగిపోయాడు. అక్కను చూశాడు, మొగను చూశాడు. ఏడుపు మొహంతోనే వెనక్కి పరిగెత్తాడు. వాడి వెనక అందరూ పరిగెత్తారు. పొక్లెయిను డ్రైవరు గట్టు మీద ఆడా మగా చేతులు పట్టుకుని నిలబడటం చూసి ఇంజను ఆపేశాడు. గళ్లచొక్కా ఎంత తిట్టినా సీటు దిగి పోయాడే గాని, మీట ముట్టుకోలేదు. జీపు మలుపు తిరిగాక ఆమెకు ఇంకేమీ కనబడలేదు.

స్టేషనులో ఆమెను బల్ల మీద కూర్చోబెట్టారు. గోడకు పెచ్చులూడిన సున్నం, మూలన తుప్పు పట్టిన బీరువా. ఎస్సై ఒక తెల్ల కాగితం ముందుకు తోశాడు.

"ఏమీ చూడలేదని వేలిముద్ర వెయ్యి. ఇంటికి పో."

ఆమె చేతులు రెండూ కొంగులో దాచుకుంది.

"చూశాను సార్," అంది.

"చెవుడా? ఏమీ చూడలేదను!"

"చూశాను సార్."

ఎన్నిసార్లు గద్దించినా అంతకంటే ఎక్కువ మాట రాలేదు, తక్కువ మాటా రాలేదు. పొద్దు వాలింది. మొగ దగ్గర కాపలా పెట్టిన కానిస్టేబులు సైకిలు మీద ఆయాసపడుతూ వచ్చాడు.

"సార్, పోటు వచ్చి తిరిగింది. గట్టు నిలిచింది సార్."

"నిలిస్తే నిలిచింది. జనం పోయారా?"

"పోలేదు సార్. వంతులేసుకుని సగం మంది గట్టు మీదున్నారు. మిగతా సగం ఇటే వస్తున్నారు. వంతెన దాటారు. రెండు వీధులూ ఉన్నాయి సార్."

దూరం నుంచి వందల కాళ్ల చప్పుడు వినబడసాగింది. ఎవరూ కేకలెయ్యడం లేదు, నడుస్తున్నారు. ఎస్సై కిటికీలోంచి తొంగి చూశాడు. గబగబా వచ్చి తలుపు మూసి లోపలి గడియ పెట్టాడు. గడియ మొదటిసారి కొండీలో పడలేదు. అతని వేళ్లు వణుకుతున్నాయి.