ఉత్తరం వైపు కిటికీ

మిల్లు తిరగడం మొదలైనప్పటి నుంచీ ప్రేమమ్మ పడుకోవడం మానేసింది. పడుకుంటే ఊపిరి ఆడదు. గోడకి రెండు దిండ్లు ఆనించుకుని, మంచం మీద కూర్చునే కునుకు తీసేది. వయసులో ఉన్నప్పుడు మిరపకోతల్లో ఆమెని మించినవాళ్ళు లేరు. కాయలు కోసిన చేతులతోనే సద్దన్నం కలుపుకుని తినేది, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగేవి కావు. అలాంటి మనిషి ఇప్పుడు సొంతింట్లో కూర్చుని, ఘాటుకి దగ్గలేక చీర కొంగు నోట్లో కుక్కుకుంటోంది.

నల్లపాడు దాటాక పొలాలకి ఆనుకుని ఉన్న కాలనీలో వాళ్ళదే చివరి ఇల్లు. రెండు గదులూ, ఒక వంటిల్లూ, పైన సిమెంటు రేకులూ. ఇంటికి దక్షిణంగా శ్రీకృష్ణ అనే ఆయన నిరుడు కారం మిల్లు పెట్టాడు. షెడ్డుకి మూడు వైపులా గోడలు కట్టించి, నాలుగో వైపు బస్తాలు దించుకోవడానికి వీలుగా వదిలేశాడు. ఆ నాలుగో వైపు వీళ్ళ ఇంటికేసి ఉంది. దక్షిణపు గాలి లేచిందంటే ఎర్రటి పొడి వచ్చి అన్నం మీదా, మంచినీళ్ళ బిందె మీదా, కోడలు క్రిస్టీనా కుట్టే జాకెట్ల మీదా పడేది.

క్రిస్టీనా ఇంట్లోనే మిషను పెట్టుకుని కుడుతుంది. ఆమె భర్త మార్క్‌కి చీరాలలో మరమగ్గాల షెడ్డులో పని. ఆదివారం పొద్దున ఆరాధన వేళకి వచ్చి, సాయంత్రం రైలుకి వెళ్ళిపోతాడు. మిగతా వారమంతా అత్తాకోడళ్ళిద్దరే.

గుంటూరులో డాక్టరు ప్రేమమ్మకి పీల్చే మందు రాసిచ్చి, "ఇల్లు మారండమ్మా. ఒక పక్క నేను మందిస్తుంటే ఇంకో పక్క మీరు కారం పీలుస్తుంటే ఏం లాభం?" అన్నాడు.

ఆ మాట నతానియేలు చెవిన పడింది. ఆయన ప్రేమమ్మకి మరిది. వీళ్ళ ఇంటికి ఉత్తరం పక్కనున్న స్థలం ఆయనదే. అందులో ఇల్లు కట్టలేదు, కంచె వేసి గేదెల్ని కట్టేస్తాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"వదినా, శ్రీకృష్ణగారు రెండు స్థలాలూ కలిపి తీసుకుంటానంటున్నాడు. నీదొక్కటైతే వద్దంట, నాదొక్కటైనా వద్దంట. సరేనను. టౌన్లో ఏదన్నా చూసుకుని హాయిగా ఉండొచ్చు. నీ ఊపిరికీ మంచిది."

"నా పేరున ఉన్నది ఈ గడ్డ ఒక్కటేరా," అంది ప్రేమమ్మ. "మీ అన్న పోయినప్పుడు కూడా నన్నెవరూ ఇక్కణ్ణుంచి లేవమనలేదు. ఇప్పుడు కారప్పొడి లేవమంటే లేస్తానా?"

"కారప్పొడితో పంతమేంది వదినా? వచ్చే గాలిని ఎవరాపుతారు?"

గుమ్మంలో నిలబడి వింటున్న క్రిస్టీనా కాఫీ గ్లాసు తెచ్చి ఆయన పక్కన పెట్టింది.

"గాలి సంగతి నేను చూసుకుంటా చిన్నమామయ్యా. మీరు కాఫీ తాగండి."

నతానియేలు కాఫీ తాగాడు గానీ, నవ్వాపుకోలేకపోయాడు.

క్రిస్టీనా ముందు తాపీ మేస్త్రి బుడేని పిలిచింది. బుడే ఇల్లంతా తిరిగి చూసి పెదవి విరిచాడు.

"కొత్త గోడ కట్టమంటే కడతా అక్కా. సందుల్లో వేళ్ళు పెట్టుకుని కూర్చునే పని మాకు గిట్టదు. పైగా మిల్లు వాళ్ళ గోడౌను పని నడుస్తా ఉంది. సీజన్ అయ్యాక చూద్దాం."

"సీజన్ అయ్యాక నువ్వెందుకయ్యా నాకు? నీ పాత తాపీ ఒకటి ఇచ్చి వెళ్ళు."

"ఏంటక్కా, గోడలకి జాకెట్టు కుడతావా?"

"కుడతా. నువ్వు తాపీ ఇవ్వు."

తాపీ అయితే వచ్చింది గానీ, పొడి ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియాలి కదా. ఎక్కడ చూసినా సందులే అనిపించింది. క్రిస్టీనా తెల్లటి లైనింగ్ గుడ్డని సన్నని పీలికలుగా చించి, తడిపి, తలుపుల చుట్టూ, కిటికీ రెక్కల అంచుల వెంబడీ, గోడకీ రేకులకీ మధ్యా అతికించింది. మిల్లు ఆగాక చూస్తే కొన్ని పీలికలు తెల్లగానే ఉన్నాయి. కొన్ని పసుపు నీళ్ళలో సున్నం కలిపినట్టు ఎర్రబారాయి. కిటికీల కన్నా రేకుల కిందే ఎక్కువ. రేకు వంపు తిరిగిన ప్రతిచోటా, గోడ మీద పిడికిలి పట్టేంత ఖాళీ ఉంది.

"అయితే దొంగ పైనుంచి దిగుతున్నాడన్నమాట," అంది ప్రేమమ్మ.

క్రిస్టీనా చీర కుచ్చిళ్ళు ఎగదోపి, ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని నిచ్చెన ఎక్కింది. ఇటుక ముక్కలూ, సిమెంటూ కలిపి ఒక్కొక్క వంపూ పూడ్చుకుంటూ పోయింది. మొదట పెట్టినవన్నీ ఊడి నెత్తిన పడ్డాయి. గోడ తడపకుండా పెడితే సిమెంటు పట్టదని, చిన్నప్పుడు మట్టి గోడలు మెత్తిన ప్రేమమ్మ కింద నుంచి కేకేసింది. "నీళ్ళు కొట్టవే ముందు! పొడిగోడకి ఏం అంటుకుంటది?" నీళ్ళు కొట్టాక నిలిచాయి. మిల్లులో బస్తాలు మోసేవాళ్ళు పని ఆపి చూశారు. ఒకడు ఈల వేశాడు. క్రిస్టీనా వెనక్కి తిరిగి, తాపీ ఎత్తి చూపించి, మళ్ళీ పనిలో పడింది.

కిటికీ అద్దాల చుట్టూ సందులు పూడేలా లప్పం పెట్టింది. సైకిల్ షాపు నుంచి పాత ట్యూబులు తెచ్చి, పొడుగ్గా కోసి, తలుపుల అంచున మేకులతో కొట్టింది. గుమ్మాల కింద పెట్టడానికి మందపాటి పరుపు గుడ్డతో గొట్టాల్లా కుట్టి ఇసుక నింపింది. అవి చూసి ప్రేమమ్మ, "కొండచిలవల్ని పెంచుతున్నావా?" అంది. చేతులు పగిలిపోయాయి. సూది పట్టుకుంటే మండేది. అయినా ఆ ఆదివారం మార్క్ వచ్చేసరికి ఇంట్లో అన్నం మీద మూత లేకుండా భోజనాలు చేశారు.

మార్క్ తలుపు తీసి మూసి, తీసి మూసి చూశాడు. ట్యూబు గుమ్మానికి ఒత్తుకుని మెత్తగా చప్పుడైంది.

"నువ్వే చేశావా?" అన్నాడు.

"లేకపోతే నీ మగ్గం వచ్చి చేసిందా?" అంది వాళ్ళమ్మ.

ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. బుధవారం మధ్యాహ్నం క్రిస్టీనా కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి వీధి చివరికి వెళ్ళింది. కోడలు వచ్చేలోగా పప్పు తాలింపు పెడదామని ప్రేమమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళింది. ఘాటు రాకుండా అన్నీ బిగించి ఉన్నాయి. నూనె కాగి ఎండుమిరపకాయలు మాడేసరికి ఆ పొగకి బయటికి దారి లేదు. క్రిస్టీనా తిరిగొచ్చి తలుపు తోస్తే, అత్తగారు వంటింటి నేల మీద, గోడకి జారగిలబడి, నోరు తెరుచుకుని ఉంది. పెదవులు నల్లబడ్డాయి.

క్రిస్టీనా ఆమెని చంకల కింద చేతులేసి బయటికి ఈడ్చింది. పీల్చే మందు నోట్లో పెట్టి నొక్కింది. మళ్ళీ నొక్కింది. "పీల్చు అత్తమ్మా, పీల్చు!" అని అరిచింది. గేదెల దగ్గరున్న నతానియేలు కంచె దాటుకుని పరుగెత్తుకొచ్చాడు. కాసేపటికి ప్రేమమ్మ గొంతులో ఈలలాగా ఊపిరి వినబడింది.

ఆమె తేరుకున్నాక నతానియేలు నోరు చేసుకున్నాడు.

"ఘాటుని ఆపుతానని ఇంటిని డబ్బా చేశావు. మా వదినని చంపుకుందామనా? మార్క్‌కి ఫోన్ చేస్తున్నా. ఈ పిచ్చి ఇక చాలు."

క్రిస్టీనా అత్తగారిని లేవదీసి మంచం మీదికి చేర్చింది. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? తను బిగించిన ఇంట్లోనే ఆ మనిషి ఊపిరాడక పడిపోయింది. ఫోన్లో మార్క్ కూడా అదే అన్నాడు. "వద్దు క్రిస్టీనా. ఇచ్చేద్దాం. అమ్మకేమన్నా అయితే ఆ ఇల్లు ఏం చేసుకుంటాం?" ఆమె సరేనని కూడా అనేది. కానీ మంచం మీద కూర్చున్న ప్రేమమ్మ చెయ్యి చాపి ఫోన్ లాక్కుంది.

"ఒరేయ్, నేనింకా బతికే ఉన్నా. నా ఇల్లు నేనున్నప్పుడే పంచుకుంటారేంది?" అని కట్ చేసి, కోడలి వైపు తిరిగింది. "ఏడవకు. బయటిది లోపలికి రాకుండా చేశావు, బానే ఉంది. లోపలిది ఎటు పోవాలో చూసుకోలేదు. అంతే కదా తప్పు? దానికి ఇల్లమ్ముకుంటామా?"

క్రిస్టీనా ముక్కు తుడుచుకుని లేచి వంటింట్లోకి వెళ్ళింది. దక్షిణాన మిల్లు. తూర్పు వీధి, పొడి అటూ తిరుగుతుంది. పడమట పడకగది. ఉత్తరపు గోడ ఒక్కటే అడ్డంగా, కన్నం లేకుండా ఉంది. దాని అవతల మూడడుగుల సందు వీళ్ళదే, ఆ తర్వాతే నతానియేలు కంచె. దక్షిణపు గాలికి ఇల్లే అడ్డు కాబట్టి అటు వైపు పొడి పడదు. పొయ్యి పైన పొగ పోవడానికి ఒక కన్నం, పక్కన గాలి రావడానికి ఒక కిటికీ.

గోడ ఊరికే పగలగొడితే పైనున్న ఇటుకలు కూలతాయి. అందుకని ముందు కిటికీ పైభాగం వచ్చేచోట ఒక వరస ఇటుకలు మాత్రమే తొలిచి, అందులో కడప రాయి పలకని దూర్చి, సిమెంటు పెట్టి ఆరనిచ్చింది. అది గట్టిపడ్డాక శనివారం పొద్దున సందులోకి వెళ్ళి సుత్తీ ఉలీ పట్టుకుంది.

మొదటి దెబ్బ చప్పుడుకే నతానియేలు వచ్చాడు. ఆయన వెనకాలే, పొరుగు షెడ్డులోంచి శ్రీకృష్ణ కూడా.

"ఆపమ్మాయ్," అన్నాడు నతానియేలు. "నా దొడ్లోకి కిటికీ పెట్టడానికి నేనొప్పుకోను. పెట్టావంటే ఎదురుగా గడ్డివామి వేస్తా."

"మీ కంచె లోపల ఏమన్నా వేసుకోండి. ఈ సందు మాది, గోడ మాది."

"పెద్దవాణ్ణి చెప్తున్నా. వినవా?"

ఆయన సందులోకి అడుగు పెట్టబోయాడు. అప్పటికే ప్రేమమ్మ ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లాక్కుంటూ వచ్చి, సందు మొదట్లో అడ్డంగా వేసుకుని కూర్చుంది. రొమ్ము ఎగసి పడుతోంది గానీ గొంతు గట్టిగానే ఉంది.

"రారా నతానియేలూ. నన్ను దాటుకుని వెళ్ళు. నీకు అన్నం పెట్టి పెంచిన వదినని కాలితో దాటావని ఆదివారం అందరి ముందూ నేనే చెప్తా."

నతానియేలు అక్కడే ఆగిపోయాడు. లోపల సుత్తి చప్పుడు ఆగలేదు.

శ్రీకృష్ణ మెల్లగా అన్నాడు. "ఎందుకమ్మా ఇంత కష్టం? నేను తీసుకుంటానంటున్నాగా. మీకు మంచి ఇల్లు చూపిస్తా. ఊరికే మొండితనం."

క్రిస్టీనా అప్పుడు సుత్తి దించింది. ముఖమంతా ఇటుక దుమ్ము.

"శ్రీకృష్ణగారూ, మీ షెడ్డుకి మూడు గోడలున్నాయి. నాలుగోది కట్టించి ఉంటే ఈ కష్టం ఉండేది కాదు. మీరు కట్టని గోడకి నేను నా ఇల్లంతా అతుకులు వేసుకుంటున్నా. అది మొండితనమా?"

"బస్తాలు దించుకోవాలి కదమ్మా."

"తలుపు పెట్టుకోండి. సందులు మూయడం ఎట్లాగో తెలియకపోతే అడగండి, చెప్తా. ఇల్లు మాత్రం ఇవ్వం. మీరు రేపొచ్చి అడిగినా, మళ్ళీ సీజన్‌కి అడిగినా ఇదే మాట."

ఆ మాటని ఆమె గోడకేసి తిరిగి, సుత్తి ఎత్తుతూనే పూర్తి చేసింది. రెండు దెబ్బలకి ఒక ఇటుక కదిలింది. చేత్తో పట్టి లాగితే ఊడివచ్చింది. ఆ కన్నంలోంచి వంటింటి చీకటి కనబడింది. ప్రేమమ్మ కుర్చీలోంచే, "ఇంకా పెద్దది కొట్టు," అంది.

మధ్యాహ్నానికి ఇద్దరు మనుషుల తలలు పట్టేంత కిటికీ తేలింది. పాత సామాన్ల కొట్లో దొరికిన చట్రం కాస్త వంకర. ఒక పక్క సందు మిగిలితే లప్పం కూరింది. ఆదివారం దాకా ఆగలేక ఆ సాయంత్రమే వచ్చిన మార్క్, చెప్పుల్తోనే వంటింట్లోకి వెళ్ళి, ఆ కిటికీ ముందు నిలబడిపోయాడు. తర్వాత చొక్కా విప్పి, పొయ్యి పైన పొగ కన్నం తనే కొట్టాడు. అమ్మేద్దామన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ రాత్రి ప్రేమమ్మ దిండ్లు తీసేసి వెల్లకిలా పడుకుంది. దగ్గు పూర్తిగా పోలేదు. గాలి బాగా రేగిన రోజున ఇప్పటికీ మందు పీలుస్తుంది. కానీ పడుకుంటోంది.

నతానియేలు గడ్డివామి వేయలేదు. మాట్లాడటమూ మానేశాడు. పండగ ఆరాధనలో వదినకి వందనాలు చెప్పి, కోడలి వంక చూడకుండా వెళ్ళిపోయాడు. క్రిస్టీనా దానికి బాధపడింది గానీ కిటికీ మూయలేదు.

ఎదురింటి రహమతున్నీసా వచ్చి తన ఇంటి రేకుల కింద కూడా చూడమంది. ఆమె ఇల్లు అయ్యాక ఇంకొకరు అడిగారు. అయితే ఈసారి క్రిస్టీనా ఏ ఇంటి సందులు పూడ్చినా ముందు గాలి పోయే దారి చూసుకున్నాకే తాపీ పట్టింది. మూడో ఇంటి దగ్గర నిచ్చెన మీద ఉండగా ఆమెకి ఒళ్ళు మండింది. ఒక్క మనిషి వదిలేసిన గోడకి వీధి వీధంతా సిమెంటు కలుపుకోవడమేంటి? దిగి, తడిచేతులతోనే రహమతున్నీసాని వెంటబెట్టుకుని మిల్లుకి వెళ్ళింది. దారిలో ఇంకో నలుగురు ఆడవాళ్ళు కలిశారు. శ్రీకృష్ణ సీజన్ అయ్యాక చూద్దామన్నాడు. "సీజన్ అయ్యేదాకా మా ఊపిరి ఆపుకోవాలా?" అని అందరూ ఒక్కసారే అరిచేసరికి మిల్లులో మోత కూడా చిన్నబోయింది. బస్తాలు దించే లారీ ముందు గంటసేపు కూర్చున్నారు. ఆ గంటసేపూ మిల్లు తిరగలేదు.

ఆ వారంలోనే షెడ్డు నాలుగో వైపు ఇనప రేకులు కొట్టారు, ఒక జారుడు తలుపు పెట్టారు. శ్రీకృష్ణ మనిషి వచ్చి, "మీరు చెప్పినట్టే చేశామమ్మా, ఇక గొడవ వద్దు," అన్నాడు.

క్రిస్టీనా బయటికి వచ్చి చూసింది. రేకులు నిటారుగా, కొత్తగా మెరుస్తున్నాయి. వాటి కింద, నేలకీ రేకుకీ మధ్య జానెడు ఖాళీ. అందులోంచి ఎర్రటి పొడి పాకుతూ వస్తోంది.

"కింద ఎవరు మూస్తారు?" అంది.

"అది పర్లేదులేమ్మా."

"పర్లేదని నువ్వు చెప్తే సరిపోదు. పద, మీ ఓనర్‌తో మాట్లాడదాం."

అతను కదలలేదు. క్రిస్టీనా చెప్పులేసుకుని, అతనికంటే ముందే మిల్లు వైపు నడిచింది.