రెండుసార్లు గెలిచిన రాజులమ్మ

మూడో విడత నీళ్లు తెచ్చి పొయ్యి పక్కన దించేసరికి రాజులమ్మకు ఎడమ భుజం పీకింది. తలమీది చుట్టకుదురు తీసి, దానితోనే మెడ తుడుచుకుని, బియ్యం ఎసట్లో పోసింది. ఆమె వండిపెట్టే బడిలో ముప్పై ఒక్క మంది పిల్లలు. ఊట కింద లోయలో ఉంది. ఇరవై రెండేళ్లుగా ఆ ఏటవాలు ఎక్కి ఎక్కి ఆమె మడమలు నిలువునా పగిలాయి.

ఆ కొండ ఊరు తనదంటే తనదని ఒడిశా, ఆంధ్రా రెండూ అంటాయి. అందుకే అక్కడ ఒక్కొక్కరికి రెండు ఓటు కార్డులు. మూడేళ్ల కిందట రెండు రాష్ట్రాలూ నెల తేడాలో పంచాయతీ ఎన్నికలు పెట్టాయి. తగువెందుకని ఊరంతా కూర్చుని, ఎవరు పెట్టినా మెంబరు రాజులమ్మేనని మాట అనుకున్నారు. ఎడమవేలి సిరా పోకముందే రెండో ఎన్నిక వచ్చింది. కుడిచెయ్యి చాపారు. ఏ అధికారీ వద్దనలేదు. రెండుసార్లూ ఆమే గెలిచింది. ఊట నుంచి బడికి గొట్టం వేయించాలన్నదొక్కటే ఆమె కోరిక. ఒడిశా వైపు కోరాపుట్ పట్నం వెళ్లి, పైన తెలుగు, కింద ఒడియా అక్షరాలతో మెంబరు ముద్ర చేయించుకుంది.

గెలిచిన కాగితం మాత్రం ఎవరూ ఇవ్వలేదు. అవతలి ఎన్నికలో నిలబడ్డావు కనుక చెల్లదన్నారు ఆంధ్రావాళ్లు. ఒడిశావాళ్లదీ అదే మాట. ఏ ఎన్నిక అసలైనదో ఢిల్లీ తేల్చాలన్నారు. ఢిల్లీకి అర్జీ పెడితే, రాష్ట్రాలే కూర్చుని తేల్చుకోవాలని జవాబొచ్చింది.

కిందటి వారం ఒడిశా గుమాస్తా సంతకం అడగడానికి వచ్చి వెళ్లాడు. ఇవాళ ఆంధ్రా గుమాస్తా సుందరరావు వచ్చాడు. అవతలివాళ్లు జనాన్ని బెదిరించి ఓట్లు వేయించారని టైపు చేసిన కాగితం ఆమె ముందు పెట్టాడు.

"సంతకం ఎట్టీ అప్పా. రేపే కాగితం, ఎల్లుండి గొట్టం. ఆల ఎన్నిక ఉత్తిదని ఒప్పుకుంటే నీకు పోయేదేటి?"

రాజులమ్మ గరిటెను డేగిసా అంచుకు కొట్టి పక్కన పెట్టింది.

"ఆల పెట్టి ఏరు, మీ పెట్టి ఏరు గానీ, ఓటేసిన సేతులు ఒకటే గదా బాబూ. సూర్యావతి ముసిల్ది కర్రట్టుకుని రెండుసార్లూ లైన్లో నిలబడింది. దానోటు ఉత్తిదని నా సేత్తో నేను రాసియ్యాలా?"

"ఇలాగైతే గొట్టం రాదప్పా."

"రాకపోతే మోత్తాను. ఇన్నాళ్లూ ఏ రాట్రం మోసింది?"

సుందరరావు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పిల్లల పక్కనే కూర్చుని అన్నం, పప్పు తిని, చెంబెడు నీళ్లు తాగి, రెండు చెంబులతో చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. పళ్లేలు తోమడానికి నీళ్లు చాలలేదు. రాజులమ్మ నాలుగోసారి బిందెలు తీసుకుని లోయలోకి దిగింది.

గంటైనా రాకపోతే మేష్టరు శ్రావణ్‌కుమార్ వెతుక్కుంటూ వెళ్లాడు. దారి మలుపులో ఆమె బండకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్లు అప్పటికే చల్లబడింది. పక్కన రెండు బిందెలూ నిటారుగా, అంచులదాకా నిండుగా ఉన్నాయి.

నెల తిరక్కుండానే రెండు రాష్ట్రాల ఓటరు జాబితాల్లోంచీ ఆమె పేరు కొట్టేశారు. ఆ పనికి ఢిల్లీ అవసరం రాలేదు.

వంటగదిలో బియ్యం డబ్బా వెనక, జాకెట్టు గుడ్డలో చుట్టిన ముద్ర మేష్టరుకు దొరికింది. పైన తెలుగు, కింద ఒడియా. ఒక్కసారీ సిరా తగలని రబ్బరు అక్షరాలు, ఎర్రగా, కొత్తగా.